తీరప్రాంతపు బావిలో ఆటుపోట్ల ప్రభావాన్ని కొలవడం ఎలా?

సముద్రానికి దగ్గరగా ఉన్న బావిలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీటిమట్టం చూడండి. ఎవరూ నీళ్లు తోడకపోయినా, చినుకు పడకపోయినా మట్టం జానెడు మారి ఉండవచ్చు. ఈ సంగతి తెలియక తీరప్రాంతాల్లో తప్పుడు లెక్కలు చాలా పుడతాయి. పోటు వేళ కొలిచినవారు బావి కోలుకుంటోందని సంతోషిస్తారు, ఆటు వేళ కొలిచినవారు ఎండిపోతోందని బెంగపడతారు. ఇద్దరూ కొలిచింది ఒకే బావిని, ఒకే రోజున.

అందుకే తీరం దగ్గర సమయం రాయని కొలతకు విలువ లేదు. మీ బావిలో ఆటుపోట్ల ప్రభావం ఉందా, ఉంటే ఎంత, సముద్రంలో పోటు వచ్చిన ఎంతసేపటికి బావిలో మట్టం పెరుగుతుంది, ఈ ఊపును తీసివేస్తే మిగిలే అసలు మట్టం ఎంత అన్న నాలుగు ప్రశ్నలకు మీ అంతట మీరే జవాబు రాబట్టుకోవచ్చు. ఒక టేపు, ఒక గడియారం, ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక అపోహ

పోటుతోపాటు బావిలో మట్టం పెరిగిందంటే సముద్రపు నీరు బావిలోకి వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తాడు ఒక కొసను చెట్టుకు కట్టి రెండో కొసను ఊపితే ఊపు చెట్టుదాకా పోతుంది, తాడు మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. భూమిలోనూ దూరం ప్రయాణించేది ఒత్తిడే. మామూలు ఇసుక పొరలో, ఒడ్డు అంచు దాటాక, ఒక పోటు కాలంలో నీరు నిజంగా కదిలేది సాధారణంగా గజం దూరం కూడా ఉండదు. ఆరు గంటల తర్వాత ఆటు మొదలైతే అది వెనక్కి మళ్లుతుంది. ఒత్తిడి మాత్రం అదే సమయంలో వందల మీటర్లు లోపలికి చేరగలదు. కాబట్టి బావిలో మట్టం ఊగుతోందని కంగారు పడకండి. ఉప్పు వస్తోందా లేదా అన్నది వేరే పరీక్షతో తేల్చాల్సిన విషయం. దాని గురించి చివర్లో చెబుతాను.

మొదటి పని: మీ బావి ఏ పొరలో ఉందో తెలుసుకోండి

భూగర్భ జలాలున్న పొరలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పైకప్పు లేనిది. నేల మీద పడిన వాన నేరుగా ఇంకి చేరే ఇసుక పొర ఇలాంటిదే. రెండోది పైన బంకమట్టి లాంటి నీరు దూరని కప్పు ఉన్నది. దాని నీరు ఒత్తిడిలో ఉంటుంది. లోతైన బోర్లు చాలావరకు ఈ రెండో రకం పొరనే తాకుతాయి. బోరు తవ్వినప్పుడు ఏ లోతులో ఏ మట్టి వచ్చిందో రాసుకున్న కాగితం ఉంటే బయటకు తీయండి. లేకపోతే తవ్వినవారిని అడగండి. బంకమట్టి కప్పును దాటి దిగారా లేదా అన్నదే మీకు కావాల్సిన సమాచారం.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, కప్పు లేని పొరలో మట్టం ఒక మీటరు పెరగాలంటే ఖాళీ రంధ్రాలు నిజంగా నీటితో నిండాలి. ఇసుకలో అయితే పొర ఘనపరిమాణంలో 10 నుంచి 30 శాతం దాకా నీరు కావాలి. అంత నీటిని మింగుతూ పోటు ఊపు త్వరగా చచ్చిపోతుంది. కప్పు ఉన్న పొర ముందే నిండి ఉంటుంది కాబట్టి నీరు, రేణువులు కాస్త ఒత్తుకుంటే చాలు. ఆ సర్దుబాటుకు కావాల్సిన నీరు ఘనపరిమాణంలో పదివేలవ వంతు, వెయ్యోవంతు స్థాయిలో ఉంటుంది. ఊపు చాలా దూరం పోతుంది.

అంకెల్లో చూద్దాం. రెండు పొరల్లోనూ నీరు ఒకే సులువుతో పారుతుందని, ఆ సులువును చెప్పే అంకె, అంటే రవాణా సామర్థ్యం, రెండింటికీ రోజుకు 500 చదరపు మీటర్లని అనుకుందాం. సముద్రంలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా 120 సెంటీమీటర్లు. మట్టం పెరగడానికి కావాల్సిన నీరు పైన చెప్పిన లెక్కలో ఎన్నో వంతో చెప్పే అంకెను నిల్వ గుణకం అంటారు. కప్పు ఉన్న పొర నిల్వ గుణకం 0.0002 అయితే, ఒడ్డుకు 200 మీటర్ల దూరంలోని బోరులో మట్టం 88 సెంటీమీటర్ల దాకా ఊగుతుంది. కప్పు లేని పొర నిల్వ గుణకం 0.2 అయితే ఊపు 20 మీటర్ల దూరంలో 45 సెంటీమీటర్లు, 50 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు ఉంటుంది. 200 మీటర్ల దగ్గర ఏ టేపుతోనూ కొలవలేనంత తక్కువ. పక్కపక్కనే ఉన్న ఊటబావి కదలకుండా, బోరు మాత్రం సముద్రంతో పాటు ఊగడం వింతేమీ కాదు.

దూరం కొలిచేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఇసుక తీరం నుంచి కాకుండా, ఆటుపోట్లు వచ్చే ఏ నీటి నుంచైనా అతి దగ్గరి దూరం తీసుకోండి. ఉప్పుటేరు, నది ముఖద్వారం, రేవు కాలువ ఏదైనా కావచ్చు. కిలోమీటరు దూరంలోని సముద్రం కంటే ఇంటి వెనుక పారే ఉప్పుటేరే మీ బావిని ఊపుతూ ఉండవచ్చు. పగడపు దీవుల్లో అయితే దూరం కన్నా లోతు ముఖ్యం. అక్కడ కింద ఉన్న పాత సున్నపురాయిలో నీరు చాలా సులువుగా పారుతుంది. పోటు ఒత్తిడి ఆ రాయిలోంచి దీవి మధ్యకు చేరి, అక్కడి నుంచి పైకి వస్తుంది. అందుకే దీవి నడిబొడ్డున ఉన్న లోతైన బోరు ఒడ్డున ఉన్న చిన్న బావి కంటే ఎక్కువ ఊగవచ్చు.

రెండో పని: రోజును ఎంచుకోండి

అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు అత్యధికంగా ఉంటుంది. సప్తమి, అష్టమి దాటాక కొద్ది రోజులు ఊపు తక్కువ. మొదటిసారి కొలిచేవారు పౌర్ణమి లేదా అమావాస్య మర్నాడు మొదలుపెట్టడం మంచిది. ప్రభావం ఉంటే స్పష్టంగా బయటపడేది అప్పుడే. వాన, తుఫాను గాలి లేని రోజు చూసుకోండి. గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెట్టినప్పుడు వచ్చే పెరుగుదల ఆటుపోట్ల లెక్కను చెడగొడుతుంది.

చాలా తీరాల్లో సగటున ప్రతి 12 గంటల 25 నిమిషాలకు ఒక పోటు వస్తుంది. కొన్ని చోట్ల రోజుకు ఒకటే. ఏదైనా సరే, పూర్తి చక్రం పట్టుకోవాలంటే 25 గంటలు కొలవాలి. అంతసేపు కూర్చోవడం ఒక్కరికి కష్టం, ఇద్దరు వంతులు వేసుకోండి.

పంపు ఆపడం తప్పనిసరి. మీ పంపే కాదు, పక్కవారివి కూడా ఆగితే మేలు. ఇది రెండు వేల ఏళ్ల నాటి గొడవ. నేడు స్పెయిన్‌లో కాదిజ్ అని పిలిచే గాదెస్ పట్టణపు గుడిలోని ఊట సముద్రం పెరిగితే తగ్గుతుందని, సముద్రం తగ్గితే నిండుతుందని క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు గ్రీకు పండితుడు పోలిబియస్ చెప్పాడు. తర్వాతి తరానికి చెందిన పోసిడోనియస్ దాన్ని ఒప్పుకోలేదు. జనం పగలంతా తోడటం వల్ల ఆ బావి తగ్గుతోందని, తోడటం ఆపితే మళ్లీ ఊరుతోందని, ఊరే వేళ తరచూ ఆటుతో కలిసిరావడం వల్ల అంతా భ్రమపడ్డారని ఆయన వివరణ. ఆ ఊట విషయంలో ఎవరు చెప్పింది సరైనదో ఏమో గాని, తోడుతున్న బావిని చూసి సముద్రం గురించి తీర్పు చెప్పకూడదన్న పోసిడోనియస్ హెచ్చరిక ఈనాటికీ అక్షరసత్యం.

మూడో పని: కొలవండి

బావి ఒర మీద లేదా కేసింగ్ పైపు అంచున ఒకచోట రంగుతో గుర్తు పెట్టండి. ప్రతి కొలతా ఆ గుర్తు నుంచే తీయాలి. ఒర ఎగుడుదిగుడుగా ఉంటే అవతలి అంచు నుంచి కొలిచినందుకే రెండు మూడు సెంటీమీటర్ల తేడా వస్తుంది. మీరు వెతుకుతున్న ఊపు కూడా అంతే ఉండవచ్చు.

కరెంటుతో పనిచేసే మట్టం కొలిచే టేపు ఉంటే పని సులువు. మొన నీటిని తాకగానే శబ్దం చేస్తుంది. లేకపోతే ఇనుప టేపు, సుద్దముక్క చాలు. టేపు చివరి మీటరుకు సుద్ద పూయండి, కొసకు చిన్న బరువు కట్టండి. మెల్లగా దించుతూ కొస నీటిలో మునిగిందని తెలిశాక, టేపు మీది పూర్తి అంకె ఏదైనా గుర్తుకు సరిగ్గా ఎదురుగా వచ్చేలా ఆపండి. 6.00 మీటర్ల దగ్గర ఆపారనుకుందాం. పైకి లాగితే సుద్ద తడిసి రంగు మారిన గీత కనిపిస్తుంది. ఆ గీత 0.37 దగ్గర ఉంటే నీరు 5.63 మీటర్ల లోతున ఉంది. ఎండలో గీత నిమిషంలో ఆరిపోతుంది, వెంటనే చదవండి. టేపు తుడిచి మళ్లీ సుద్ద పూసి వెంటనే ఇంకోసారి దించండి. రెండు కొలతల మధ్య తేడా ఒక సెంటీమీటరు లోపు ఉండాలి.

అరగంటకు ఒక కొలత తీయండి. గంటకు ఒకటైనా సరిపోతుంది గాని, ఆలస్యం లెక్కలో ఖచ్చితత్వం తగ్గుతుంది. సమయం నిమిషాలతో సహా రాయండి.

నీటిలో దించి వదిలేసే ఒత్తిడి యంత్రం వాడేవారికి ఒక హెచ్చరిక. చాలా యంత్రాలు నీటి బరువుతోపాటు గాలి బరువునూ కలిపి నమోదు చేస్తాయి. గాలి ఒత్తిడిలో ఒక హెక్టోపాస్కల్ మార్పు నీటిలో ఒక సెంటీమీటరుతో సమానం. రెండో యంత్రాన్ని బావిలోనే నీటికి పైన వేలాడదీసి దాని అంకెలను తీసివేయండి. ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు, పొద్దున పది ప్రాంతంలో, రాత్రి పది ప్రాంతంలో పెరుగుతుంది. దిద్దకపోతే అది అచ్చం చిన్న పోటులా కనిపించి మోసం చేస్తుంది.

ఆ మోసాన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చంద్రుడి వల్ల సముద్రంలో పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. గాలి ఒత్తిడి, పంపులు నడిపే వేళలు, చెట్లు పగలు నీరు పీల్చడం ఇవన్నీ గడియారాన్ని పట్టుకుని నడుస్తాయి. నాలుగైదు రోజులు చూడండి. బావిలో గరిష్ఠ మట్టం రోజూ ఒకే గంటకు వస్తుంటే కారణం సముద్రం కాదు. రోజుకు ముప్పావు గంటకు పైగా జరుగుతూ పోతుంటే అది ఆటుపోట్ల ప్రభావమే.

నాలుగో పని: సముద్రం పక్కన పెట్టి చూడండి

సముద్ర మట్టానికి సమీప రేవు ఆటుపోట్ల పట్టిక వాడవచ్చు. కానీ పట్టికలోని అంకెలు అంచనాలు, అవి కూడా ఆ రేవుకు వేసినవి. ఉప్పుటేరులో పోటు గంటల ఆలస్యంగా రావచ్చు. వీలైతే మీ బావికి దగ్గరి నీటిలో గుర్తులు గీసిన కర్ర పాతి, బావిని కొలిచిన సమయాలకే దాన్నీ చదవండి. అలలున్న చోట రెండు నిమిషాల పాటు పైఅంచు, కింది అంచు చూసి సగటు తీయండి.

రెండింటినీ ఒకే గ్రాఫు మీద గీసి రెండు సంగతులు చదవండి. ఒకటి ఊపుల నిష్పత్తి, అంటే బావిలో గరిష్ఠ, కనిష్ఠ మట్టాల తేడాను సముద్రంలోని తేడాతో భాగిస్తే వచ్చేది. రెండోది ఆలస్యం, అంటే సముద్రంలో పోటు శిఖరానికీ బావిలో శిఖరానికీ మధ్య గడిచిన సమయం. శిఖరం దగ్గర గీత చదునుగా ఉండి సరైన క్షణం తెలియదు. సగటు మట్టాన్ని దాటిన క్షణాలను పోల్చితే ఆలస్యం బాగా తెలుస్తుంది.

ఒత్తిడి ఒడ్డు నుంచి పొరలో అడ్డంగా ప్రయాణిస్తే ఈ రెండింటికీ విడదీయరాని సంబంధం ఉంటుంది. జేకబ్, ఫెర్రిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1950-51లో ప్రచురించిన సూత్రం ప్రకారం, సముద్రపు ఊపును బావి ఊపుతో భాగించి సహజ లాగరిథమ్ తీసి రెండుతో హెచ్చిస్తే ఆలస్యం దాదాపు గంటల్లో వస్తుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే చోట ఈ లెక్క చెల్లుతుంది. ఊపు సగమైతే ఆలస్యం గంటా ఇరవై నిమిషాలు, అయిదోవంతైతే మూడు గంటల పది నిమిషాలు, పదోవంతైతే నాలుగున్నర గంటలు.

ఇప్పుడు మీ కొలతతో పోల్చండి. దగ్గర దగ్గరగా ఉంటే పొర గుణం లెక్కించవచ్చు. సముద్రంలో 120, బావిలో 24 సెంటీమీటర్ల ఊపు, దూరం 150 మీటర్లు అనుకుందాం. 120ని 24తో భాగిస్తే 5, దాని సహజ లాగరిథమ్ 1.61. దాన్ని 150తో భాగిస్తే 0.0107. దాని వర్గాన్ని పోటు వ్యవధి 0.5175 రోజులతో హెచ్చించి, 3.14ను ఆ ఫలితంతో భాగించండి. రోజుకు సుమారు 53,000 చదరపు మీటర్లు వస్తుంది. ఇది రవాణా సామర్థ్యాన్ని నిల్వ గుణకంతో భాగిస్తే వచ్చే అంకె. రెండింటినీ విడదీయడం ఆటుపోట్ల కొలతతో మాత్రమే సాధ్యం కాదు, దానికి బోరును పంపుతో తోడి పరీక్షించాలి.

కొలిచిన ఆలస్యం సూత్రం చెప్పినదానికంటే బాగా తక్కువైతే తప్పు చేశామని కొలతలు కొట్టేయకండి. కప్పు ఉన్న పొర సముద్రం కిందికి విస్తరించి ఉంటే, పోటు నీటి బరువు సముద్రపు అడుగును నొక్కుతుంది. ఆ ఒత్తిడి నీరు ప్రవహించాల్సిన అవసరం లేకుండానే పొరకు అందుతుంది. అప్పుడు ఊపు చిన్నదైనా ఆలస్యం దాదాపు ఉండదు. బరువు ఒక్కటే బోరులో మట్టాన్ని పెంచగలదా అన్న అనుమానం వస్తే, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో రైళ్లు వెళ్లినప్పుడల్లా ఒక బోరులో మట్టం కదలడాన్ని ఇదే జేకబ్ 1939లో వివరించిన సంగతి గుర్తుంచుకోండి. కప్పు లేని పొరల్లోనూ ఆలస్యం సూత్రం కన్నా తక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. ఇక ఆలస్యం బాగా ఎక్కువైతే మీ బావి వెడల్పును అనుమానించండి. వెడల్పాటి బావి నిండడానికి, ఖాళీ కావడానికి నీరు ఎక్కువ కావాలి కాబట్టి పొరలోని ఊపును అది ఆలస్యంగా, తగ్గించి చూపుతుంది. పక్కన సన్నని గొట్టపు బోరు ఉంటే అందులోనే కొలవండి.

అయిదో పని: అసలు మట్టం తీయండి

గంటకొకటి చొప్పున వరసగా తీసిన 25 కొలతల సగటు చాలా అవసరాలకు చాలు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే 71 గంటల కొలతలు తీసుకుని సగటు మీద సగటు తీసే పద్ధతి ఉంది, దాన్ని సెర్ఫెస్ అనే శాస్త్రవేత్త 1991లో ప్రతిపాదించారు.

ఈ సగటు లేకుండా భూగర్భ జలం ఏ దిక్కుకు పారుతోందో చెప్పబోవడం ప్రమాదకరం. ఒడ్డుకు దగ్గరి బావిని పోటు వేళ, దూరపు బావిని రెండు గంటల తర్వాత కొలిస్తే నీరు సముద్రం నుంచి ఊరివైపు పారుతున్నట్టు తేలవచ్చు. ఆ తప్పు లెక్క మీద ఆధారపడి మురుగు గుంతకు చోటు నిర్ణయిస్తే తాగే నీరు చెడుతుంది. సగటుకు కూడా ఒక మెలిక ఉంది. వాలుగా ఉన్న ఇసుక ఒడ్డులోకి పోటు వేళ నీరు సులువుగా ఇంకుతుంది, ఆటు వేళ అంత త్వరగా బయటకు రాదు. అందువల్ల ఒడ్డు పక్క నేలలో సగటు మట్టం సముద్రపు సగటు కంటే పైనే ఉంటుంది. ఆ ఎత్తంతా వాన నీటి నిల్వ అనుకోవద్దు.

బావి నీరు ఉప్పగా ఉంటే మరో దిద్దుబాటు అవసరం. సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు 2.5 శాతం బరువు. 10 మీటర్ల ఉప్పునీటి స్తంభం 10.25 మీటర్ల మంచినీటితో సమానం. రెండు బావుల మట్టాలను పోల్చేముందు రెండింటినీ మంచినీటి కొలతలోకి మార్చాలి.

ఆరో పని: ఉప్పు సంగతి తేల్చండి

విద్యుత్ వాహకత కొలిచే చిన్న మీటరు తెచ్చుకోండి. సముద్రపు నీరు సెంటీమీటరుకు సుమారు 50,000 మైక్రోసీమెన్లు చూపిస్తుంది. మంచి తాగునీరు సాధారణంగా వెయ్యి లోపు ఉంటుంది. పోటు శిఖరం వేళ ఒకసారి, ఆటు చివర ఒకసారి నీటి పైపొరలోనూ, అడుగునా, మధ్యలోనూ నమూనాలు తీయండి. మట్టం ఊగినా ఈ అంకెలు మారకపోతే వస్తున్నది ఒత్తిడి మాత్రమే, నిశ్చింతగా ఉండండి. అడుగున అంకె పోటుతోపాటు పెరిగి ఆటుతో తగ్గుతుంటే బావి కొస మంచినీరు, ఉప్పునీరు కలిసే మండలాన్ని తాకుతోంది. అలాంటి బావిని ఇంకా లోతు చేయవద్దు. పంపును పైకి జరపండి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తోడండి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే లెక్క ఒకటుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఉంటే కింద 40 మీటర్ల మంచినీరు ఉంటుందన్నది ఘైబెన్, హెర్జ్‌బర్గ్ సూత్రం. మొదటి ఆయన దాన్ని 1888లో, రెండో ఆయన 1901లో విడివిడిగా వెల్లడించారు. అది నీరు కుదురుకున్నాక దీర్ఘకాలానికి వర్తించే సూత్రం. పోటు వేళ బావిలో మట్టం 10 సెంటీమీటర్లు పెరిగినంత మాత్రాన అడుగున 4 మీటర్ల మంచినీరు చేరదు. ఆరు గంటల్లో ఆ సరిహద్దు అంత దూరం జరగలేదు. ఆ సూత్రంలో వేయాల్సింది అయిదో పనిలో తీసిన సగటు మట్టాన్నే. వ్యతిరేక దిశలో మాత్రం భయపడాల్సిందే. పంపు వల్ల సగటు మట్టం నెలల తరబడి 10 సెంటీమీటర్లు తగ్గి ఉంటే ఆ 4 మీటర్ల నష్టం క్రమంగా నిజమవుతుంది.

పునాది లేదా సెల్లారు తవ్వబోయేవారికి సగటుతో పని లేదు. వర్షాకాలపు ఎత్తైన మట్టానికి అమావాస్య, పౌర్ణమి నాటి పోటు శిఖరాన్ని కలిపి చూసుకోండి.

ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి ఇదంతా మళ్లీ చేయండి. తేదీ, తిథి, కొలత గుర్తు ఎత్తు, ఊపు, ఆలస్యం, 25 గంటల సగటు, మూడు లోతుల వాహకత, ఆ రోజు చుట్టుపక్కల ఏ పంపులు నడిచాయో ఒకే కాగితం మీద రాయండి. కొన్నేళ్ల తర్వాత సగటు దిగుతూ, అడుగు నీటి వాహకత ఎక్కుతూ కనిపిస్తే తోడటం తగ్గించమని పక్కవారిని ఒప్పించడానికి ఆ కాగితాలే మీకు ఆధారం.